మోచేతి విశ్రాంతి మహాసభ

కోవిల్‌పట్టి తెలుగువాళ్లకు ఒక శుభవార్త. మన కృష్ణమ్మాళ్‌కు టెన్నిస్ ఎల్బో వచ్చింది. ఊరందరికీ వచ్చే మోకాళ్ల నొప్పి కాదు, సాక్షాత్తూ టెన్నిస్! విరుదునగర్ డాక్టరే చూసి చెప్పాడు. ఆవిడ భర్త, మన తెలుగు సంగం అధ్యక్షుడు కుళందైసామి, తిరుగు బస్సులో కండక్టరుతో సహా అందరికీ ఆ సంగతి చెప్పుకుంటూ వచ్చాడు.

ఆవిడ జన్మలో టెన్నిస్ ఆడలేదు. బట్టలు పిండింది, బిందెలు మోసింది, అంతే. "ఆరు వారాలు ఆ చేత్తో పిండడం, వత్తడం, ఎత్తడం మానుకోండి. మోచేతి కింద ఈ పట్టీ కట్టుకోండి" అన్నాడు డాక్టరు. ఆరు వారాలు! పెళ్లయ్యాక అంత తీయటి మాట ఆవిడ చెవిన పడలేదు, పాపం. అవి దక్కితే చాలనుకుంది.

సంఘసేవకుడి ఇంటి జబ్బు ఇంట్లోనే ఆగుతుందా? ఆదివారం మోచేతి విశ్రాంతి మహాసభ అని కుళందైసామి ప్రకటించేశాడు. ఎట్టయాపురం, నాగలాపురం పెద్దలంతా వస్తారు. వాళ్లకు ఇంట్లో వత్తిన మురుకులు పెట్టకపోతే సంగం పరువేం కాను?

"బజారు కడలో కొందామండీ, చెయ్యి నొస్తాది" అంది కృష్ణమ్మాళ్.

"కడ మురుకా! నీ చెయ్యి కోసమే కదమే ఈ తిప్పలన్నీ? ఈ ఒక్క తడవ వత్తెయ్. ఆ మీద రెస్టే రెస్టు."

ఆవిడ పళ్లబిగువున వత్తింది. పట్టీకి నూనె అంటుతుందని ఆయన దాన్ని తన చేతికి కట్టుకున్నాడు. కొత్త సరుకు పాడవకూడదు కదా!

సభలో ఆ చెయ్యి ఊపుతూ గర్జించాడు: "తల్లులారా! మీ మోచెయ్యే మన సంఘానికి వెన్నెముక! నొప్పి ఉన్న ఆడవాళ్లకు ఆరు వారాలు వంటింటి సెలవు, ఇదే తీర్మానం! ఇది ఆడవాళ్ల సంగతి, ఆడవాళ్లే తేల్చాలి. ఒప్పుకునేవాళ్లు చెయ్యెత్తండి!"

కృష్ణమ్మాళ్ చెయ్యెత్తబోయింది. కానీ ఒక్క చెయ్యీ లేవలేదు. ఎలా లేస్తుంది? కొందరి చేతుల్లో మురుకుల పళ్లేలు, కొందరి చేతుల్లో కాఫీ గ్లాసుల తట్టలు. తన పళ్లెం దించడానికి కృష్ణమ్మాళ్ చోటు వెతుకుతుంటే, ఒక పెద్దమనిషి "ఇట్ల రామ్మా" అని ఇంకో మురుకు తీసుకున్నాడు. అంతలో ఓటింగు అయిపోయిందని గంట కొట్టేశారు.

"చూస్తిరా! వాళ్లకే వద్దంట" అన్నాడు కుళందైసామి జాలిగా. ఆడవాళ్ల ఇష్టాన్ని కాదనే సంగం కాదు మనది. తీర్మానం వీగిపోయింది. మగవాళ్లంతా లేచి ఆడవాళ్ల స్వేచ్ఛకు చప్పట్లు కొట్టారు.

ఇంటికొచ్చి కుళందైసామి పట్టీ విప్పాడు. ఊపి ఊపి మోచెయ్యి పట్టేసిందట. నూనె రాసి గట్టిగా వత్తమని కృష్ణమ్మాళ్ ముందు చెయ్యి చాపాడు.