నలభై మూడు ఎడిటర్ల విచారణ

"ఈ భూమ్మీద నేరం చేసి నా కళ్ళు కప్పగలిగినవాడు ఇంకా పుట్టలేదు!" అని గుమ్మంలో నిలబడి ప్రకటించాడు భూతద్దం. "ఒకవేళ పుట్టినా, వాడికి దూరపు చూపెంతో దగ్గర చూపెంతో ఇక్కణ్ణించే చెప్పేస్తాను."

రెండో మాట నిజమే. వాడు కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాడు. మొదటి మాట గురించి మాత్రం ఇన్నేళ్ళ స్నేహాన్ని దృష్టిలో పెట్టుకుని నేనేమీ అనను.

భూతద్దం అన్నది మేం పెట్టిన పేరు. మధ్యాహ్నం షాపు మూసి ఉండే మూడు గంటలూ వాడు డిటెక్టివ్. జేబులో ఎప్పుడూ మూడు అద్దాలుంటాయి. చిన్న కేసులకొకటి, పెద్ద కేసులకొకటి, మూడోది పగిలిపోయింది. పోయినేడు మా వీధి చివర పోస్టు డబ్బా మాయమైతే మూడు రోజుల్లో పదకొండుమందిని అనుమానించాడు. వాళ్ళలో నేనూ ఉన్నాను. నాలుగో రోజు పోస్టాఫీసువాళ్ళే దానికి కొత్త రంగు వేయించి తెచ్చి నిలబెట్టారు. "చూశావా, నా దెబ్బకి హడలిపోయి దొంగ ఆ డబ్బాకి మారువేషం వేసి మరీ తెచ్చి పడేశాడు" అని వాడు ఆ ఫైలు మూసేశాడు.

ఇప్పుడు వాడు ఊడిపడే సమయానికి నేను అసలే తల పట్టుకుని కూర్చున్నాను. సంగతేమిటంటే, మా అక్క పద్నాలుగేళ్ళు బట్టల ఫ్యాక్టరీలో చొక్కా కాలర్లు కుట్టింది. కాలర్లు మాత్రమే. అక్కడ చేతులు కుట్టేవాళ్ళు వేరు, జేబులు కుట్టేవాళ్ళు వేరు, బొత్తాలు వేసేవాళ్ళు వేరు. అన్నేళ్ళలో ఒక్క పూర్తి చొక్కా అయినా తన చేతి మీదుగా బయటికి పోలేదని విసుగెత్తి, ఉద్యోగం మానేసి, మా ముందుగదిలో ఆరు మిషన్లు వేసి కుట్టు క్లాసు పెట్టింది. దాని గురించి నేనే ఒక వెబ్ పేజీ తయారుచేసి తెలిసినవాళ్ళందరికీ పంపాను. ప్యాంట్లు పొట్టి చెయ్యమంటూ జనం గదిలోకి ఎగబడతారు, అడ్రసు పెట్టొద్దంది అక్క. అందుకని ఫోన్ నంబరు ఒక్కటే పెట్టాను. ఎనిమిది రోజులైంది, అక్క ఫోన్ ఒక్కసారైనా మోగలేదు. ఫ్యాక్టరీ మేనేజరు మాత్రం కబురుపెట్టాడు. మళ్ళీ పనిలోకి వస్తానని ఇవాళ సాయంత్రం ఐదుకల్లా చెబితే పాత సీటు నీదే, లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానని.

పేజీ మరీ వెలవెలబోతోంది, అందుకే ఎవరూ ఫోన్ చెయ్యట్లేదని నాకనిపించింది. రంగులు మార్చి, మిషన్ల ఫోటోలు పెట్టి మళ్ళీ పంపిద్దామనుకున్నాను. తీరా చూస్తే పోయిన వారం మా కంప్యూటర్ కన్నుమూసి, నేను డీటీపీ చేసే ప్రెస్సులోని మెకానిక్ దాన్ని శుభ్రంగా తుడిచేసి ఓపెన్ సోర్స్ వ్యవస్థ ఎక్కించి ఇచ్చాడు. "ఇది అందరి సొత్తు. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా విప్పి చూసుకోవచ్చు" అన్నాడు. బాగానే ఉంది. పాతదాంట్లో వెబ్ పేజీలు దిద్దడానికి ఒకే ఒక్క ఎడిటర్ ఉండేది, నోరు మూసుకుని దాన్నే వాడేవాణ్ణి. ఇందులో సాఫ్ట్‌వేర్ల జాబితా తెరిచి వెతికితే నలభై మూడు తేలాయి. ప్రతిదాని కిందా ఒకడు "ఇంతకన్నా గొప్పది లేదు" అనీ, ఇంకొకడు "ఇది వాడేవాడికి బుర్ర లేదు" అనీ రాసిపెట్టారు. పొద్దుటినించీ అవే చదువుతూ కూర్చున్నాను. నా బుర్ర సంగతి తేలింది గానీ ఎడిటర్ సంగతి తేలలేదు.

ఇదంతా భూతద్దానికి చెప్పాను. వాడు కళ్ళు చికిలించి గదిలో అటూ ఇటూ పచార్లు చేశాడు.

"ఎనిమిది రోజులు. సున్నా ఫోన్లు. నలభై మూడు ఎడిటర్లు. ఏమైనా అర్థమైందా?"

"లేదు."

"నాక్కూడా కాలేదు. అంటే ఇది చాలా లోతైన కేసన్నమాట."

"కేసేమిట్రా, వీటిల్లో ఏది ఎక్కించుకోవాలో చెప్పు చాలు."

"అమాయకుడా! ఫోన్ రాకుండా ఎవరో పేజీని తారుమారు చేశారు. పేజీని మార్చేదెవరు? ఎడిటర్. ఈ నలభై ముగ్గురిలో ఒకడు నేరస్థుడు!"

"వాటిని నేనింకా ఎక్కించనే లేదు. అవేవీ ఈ కంప్యూటర్లో లేవు."

"నేరం జరిగినప్పుడు నేనక్కడ లేనండీ అనడం ప్రతి నేరస్థుడూ చేసే పనే" అని కుర్చీ లాక్కుని మానిటరుకి ఎదురుగా కూర్చున్నాడు. "ఆ టేబుల్ లైటు తెచ్చి దాని మొహం మీద వెయ్యి."

"అది మానిటరు. దాని మొహంలోనే లైటుంది."

"అయినా వెయ్యి. పద్ధతంటూ ఒకటుంటుంది."

మిషన్లకి నూనె వేస్తున్న అక్క తల తిప్పి చూసింది. మెళ్ళో టేపు, చెవి వెనక మార్కింగ్ సుద్ద. "మీ విచారణేదో త్వరగా తెమల్చండి తమ్ముడూ. ఐదింటికి నేను ఆయనకి ఫోన్ చెయ్యాలి" అంది. నవ్వుతూనే అంది గానీ, నూనె వేసిన మిషన్ మీద వేసినట్టే గుడ్డ కప్పేస్తోంది. అది చూసి నా ప్రాణం ఉసూరుమంది.

మొదటి ఎడిటర్ని ఎక్కించాను. క్షణంలో తెరుచుకుంది. తెల్లటి ఖాళీ పేజీ, పైన నాలుగు మాటలు, అంతే. భూతద్దం చిన్న అద్దం తీసి అంగుళం అంగుళం పరీక్షించాడు.

"మరీ ఇంత శుభ్రంగా ఉందంటే సాక్ష్యాలు తుడిచేసిందన్నమాట. దీన్ని ఊరు దాటి వెళ్ళొద్దని చెప్పు."

రెండోది నల్లటి తెర. బొత్తాలు లేవు, మెనూ లేదు. "దీని సంగతి నేను చూసుకుంటాను" అని వాడు కీబోర్డు లాక్కుని తన బిరుదులన్నీ టైపు చెయ్యడం మొదలుపెట్టాడు. అక్షరాలు పడకపోగా, ఉన్న పేజీలోంచి వరసలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. అదృష్టం బాగుండి అసలు పేజీ జోలికి పోకుండా కాపీ ఇచ్చాను. బయటికి వద్దామంటే రానివ్వలేదు. ఏ మీట నొక్కినా కిందో మూల నించి మాకు అర్థంకాని మాటేదో చెబుతోంది.

"మనం దీన్ని బంధించామనుకున్నాను గురూ" అన్నాడు భూతద్దం మెల్లగా రెండు చేతులూ పైకెత్తి. "ఇదే మనల్ని బంధించింది. కదలకు. దీని షరతులేమిటో కనుక్కో."

నేను స్విచ్చి కట్టేసి మళ్ళీ వేశాను.

మూడోది తెరుచుకోవడానికే మూడు నిమిషాలు పట్టింది. వస్తూ వస్తూ ఇరవై అనుబంధాలు తెచ్చుకుంది. "ఒంటరిగా రాలేదు, ముఠాతో దిగింది" అని నోటుబుక్కులో రాసుకున్నాడు. నేను వెబ్ పేజీ కోడు రెండక్షరాలు కొట్టానో లేదో, మిగతా మాట అదే పూర్తిచేసింది. భూతద్దం కుర్చీతో సహా వెనక్కి జరిగాడు.

"మనసులో మాట దీనికెలా తెలిసింది?"

"ఊహిస్తుందిరా. పని తేలికవుతుందని."

"ఊహించడం నా పని! నీ ఆలోచనలు ఎవరో లీక్ చేస్తున్నారు. ఈ ఇంట్లో నీ బుర్రలోకి ఎవరెవరు వచ్చిపోతుంటారు?"

"పొద్దుటినించీ నువ్వొక్కడివే" అన్నాను పళ్ళు కొరుకుతూ.

నాలుగోది నాకు నచ్చింది. ఎడమవైపు కోడు, కుడివైపు పేజీ. ఇటు రంగు మారిస్తే అటు వెంటనే మారుతోంది. హాయిగా ఉంది, ఇదే ఉంచేద్దామని లోలోపల సంబరపడ్డాను. భూతద్దం పెద్ద అద్దం తీశాడు.

"ఇటు గిల్లితే అటు ఎర్రబడుతోంది! ఇద్దరూ కవలలు. ఒకడు నేరం చేస్తుంటే ఇంకొకడు సాక్ష్యంగా కనిపిస్తుంటాడు. గొప్ప ఎత్తుగడ!"

"కవలలూ లేదు, నీ మొహమూ లేదు. నాలుగున్నరైంది. నన్ను పని చేసుకోనీ."

"చేసుకో. ఈలోగా శవపరీక్ష నేను చేస్తాను" అని తన ఫోన్లో మా పేజీ తెరిచాడు. బల్లమీద పెట్టి, దానిమీద పెద్ద అద్దం, దానిమీద చిన్న అద్దం పెట్టి వంగాడు. రెండు అద్దాల్లోంచి చూసేసరికి కళ్ళు తిరిగి, తూలి, పట్టుకోసం చెయ్యి ముందుకి వేశాడు. బొటనవేలు సరిగ్గా ఫోన్ నంబరు మీద పడింది. ఫోన్ రింగవడం మొదలైంది.

అక్క ఫోన్ ఆ పక్కనే, కత్తెర కింద ఉంది. అది మాత్రం మోగలేదు.

ముగ్గురం దానివైపే చూస్తున్నాం. ఇంతలో భూతద్దం ఫోన్లోంచి ఖణీమని ఒక పెద్దాయన గొంతు వినిపించింది.

"కుట్టు క్లాసు ఎంక్వైరీ. చెప్పండి."

భూతద్దం మొహం వెలిగిపోయింది. "ముఠా నాయకుడు!" అని నా చెవిలో గుసగుసలాడి, గొంతు సన్నగా మార్చి స్పీకర్ నొక్కాడు. "అయ్యా, నేనొక అబలని. కుట్టు నేర్చుకోవాలి."

"సీట్లు నిండిపోయాయమ్మా. వెయిటింగ్ లిస్టులో ఎనిమిది వస్తుంది. రాసుకోమంటారా? పేరు చెప్పండి."

"పేరు చెబితే ప్రాణాపాయం."

"పేరు లేకుండా వెయిటింగ్‌లో కూడా రాయడానికి వీల్లేదమ్మా. గొంతు చూస్తే బాగా జలుబు చేసినట్టుంది. తగ్గాక చెయ్యండి."

అక్క ఒక్క అంగలో వచ్చి ఫోన్ లాక్కుంది. "ఏ కుట్టు క్లాసండీ ఇది? ఎవరిది?"

"అదే కదమ్మా నాకూ తెలీంది!" అన్నాడాయన. "ఎనిమిది రోజుల్నించీ ఒకటే ఫోన్లు. మొదటి ఇద్దరికీ రాంగ్ నంబరని చెప్పాను. మూడో అమ్మాయి, పెట్టెయ్యకండి బాబాయి గారూ, కనీసం నా పేరైనా రాసుకోండి అని బతిమాలింది. నేను రిజర్వేషన్ కౌంటర్లో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరైనవాణ్ణి. కిటికీ ముందుకొచ్చినవాళ్ళని ఉత్తచేతుల్తో పంపించడం నావల్ల కాదు. రాసుకున్నాను. ఆ ఇద్దరికీ మళ్ళీ నేనే చేసి పిలిచి రాసుకున్నాను. పేజీలో ఆరు మిషన్లని ఉంది. పూటకి ఆరుగురు, రెండు పూటలకి పన్నెండు కన్‌ఫర్మ్. ఆపైన ఏడుగురు వెయిటింగ్. ఆ క్లాసు తాలూకు మనిషెవరో ఎప్పుడో ఒకప్పుడు చెయ్యకపోతారా అని చూస్తున్నాను."

నేను పేజీలో నంబరు చూశాను. అక్క నంబరు చివర డెబ్బై నాలుగు. నేను కొట్టింది నలభై ఏడు. ప్రెస్సులో ఎవరి కార్డులో చుక్క తప్పినా పట్టుకుని పదిమందిలో కడిగేసేవాణ్ణి, సొంత అక్క నంబరు తిరగేసి కొట్టాను. సిగ్గుతో చచ్చిపోయాను.

అక్క నన్ను తిట్టలేదు. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని నవ్వుతోంది. "అది నా క్లాసే బాబాయి గారూ. పంతొమ్మిది మందా? నిజంగానా?"

"పేర్లతో, ఫోన్ నంబర్లతో సహా ఉన్నారమ్మా. ఇద్దరికి ఎడమచేతి వాటం, పక్కన రాసుకున్నాను." ఆయన గొంతు తగ్గించాడు. "అయితే ఇక నంబరు మార్చేస్తారన్నమాట. మార్చాలి లెండి, న్యాయమే. ఈ ఎనిమిది రోజులూ మా ఆవిడ నన్ను మళ్ళీ ఆఫీసుకెళ్ళే మనిషిలా చూసింది. కిటికీ పక్కన బల్ల కూడా వేయించింది."

అక్క నావైపు తిరిగి, మౌస్ మీదున్న నా చెయ్యి పట్టుకుని పక్కన పెట్టింది.

"మార్చం బాబాయి గారూ. ఆ కౌంటరు మీదే. పేజీలో ఒక్క అక్షరం కూడా ముట్టుకోనివ్వను."

ఆయన మా అడ్రసు అడిగి రాసుకుని, రేపు పది గంటలకి మొదటి బ్యాచిని పంపిస్తానని, దయచేసి సమయానికి మొదలుపెట్టమని చెప్పి పెట్టేశాడు.

పేజీ దిద్దాల్సిన పనే లేదట! ఎదురుగా తెరమీద నలభై మూడు ఎడిటర్లు బారులు తీరి చూస్తున్నాయి. భూతద్దం అద్దాలు తుడిచి జేబులో పెట్టుకున్నాడు.

"కేసు తేలిపోయింది. వీళ్ళందరినీ గౌరవంగా విడుదల చెయ్యి. అసలు నేరస్థుడి మీద నాకు మొదట్నించీ అనుమానమే."

"ఎవరు?" అన్నాను తెలిసి తెలిసీ.

"స్నేహితుడివి కాబట్టి పేరు బయటపెట్టను."

ఐదుకి పది నిమిషాలుంది. అక్క మొహం కడుక్కొచ్చి ఫ్యాక్టరీ మేనేజరుకి ఫోన్ చేసింది. మేమిద్దరం చెవులు రిక్కించాం.

"సార్, రేపు రాను. ఎల్లుండి కూడా రాను. ఇక రాను సార్."

"ఏమిటమ్మా, బాగా ఆలోచించుకునే చెబుతున్నావా?"

"పద్నాలుగేళ్ళు ఆలోచించాను సార్."

ఆయన నిట్టూర్చాడు. "సరే, నీ ఇష్టం. అన్నట్టు, కుట్టుపని వాళ్ళందరూ నీకు తెలుసు కదా, చిన్న సాయం కావాలి. మా ఆవిడ ఎక్కడో కుట్టు క్లాసుకి ఫోన్ చేస్తే వెయిటింగ్ లిస్టు మూడు అన్నారట. ఇంత పెద్ద ఫ్యాక్టరీకి మేనేజరై ఉండి ఒక్క సీటు ఇప్పించలేవా అని నన్ను పీక్కు తింటోంది. ఆ క్లాసు నడిపేవాళ్ళెవరో కనుక్కుని, కాస్త చెప్పి కన్‌ఫర్మ్ చేయించగలవా?"

"ఆవిడ నాకు బాగా తెలుసు సార్" అంది అక్క మిషన్ మీది గుడ్డ లాగేస్తూ. "చెప్పి చూస్తాను. కానీ వరస తప్పి సీటివ్వదు. చాలా మొండిది."