ఇంటూ నొక్కితే అవునట!

గేమ్ కంట్రోలర్లు తయారుచేసే కంపెనీలు ఏనాటికీ ఒక మాట మీదికి రాకూడదని నా కోరిక. ఒక్కో కంట్రోలర్‌కి ఒక్కో చోట బటన్లు ఉండటం వల్ల మనుషులకి ఎంత మేలు జరుగుతోందో ఎవరూ గమనించడం లేదు. అందుకే రాస్తున్నాను. నేను రోజుకి నాలుగు మాటలు మాట్లాడితే మా ఇంట్లో ఎక్కువ. అలాంటివాణ్ణి ఇన్ని వాక్యాలు రాస్తున్నానంటే విషయం ఎంత పెద్దదో మీరే ఆలోచించండి.

మా ఇంట్లో గేమ్ మెషీన్లు మూడు. ఒకటి అల్లుడిది, ఒకటి అమ్మాయిది, చేత్తో పట్టుకుని ఆడుకునే చిన్నది మనవరాలిది. మూడింటికీ కుడి బొటనవేలి దగ్గర నాలుగేసి బటన్లు. నాలుగే కదా, నేర్చుకోవడానికి ఎంతసేపు అంటారా? అలా అన్నవాళ్లని ఒక పూట మా సోఫాలో కూర్చోబెట్టాలి.

మనవరాలి మెషీన్‌లో కుడివైపుది నొక్కితే అవును, కిందిది నొక్కితే వద్దు. అమ్మాయి మెషీన్‌లో కిందిది అవును, కుడివైపుది వద్దు. ఎక్స్ అనే అక్షరం ఒకదానిలో పైన కూర్చుంది, ఇంకోదానిలో ఎడమకి జరిగింది. అల్లుడి మెషీన్‌లో అక్షరాలే లేవు. గుండ్రం, చదరం, ముక్కోణం, ఇంటూ.

దీన్ని అయోమయం అంటారు తెలియనివాళ్లు. నేను వరం అంటాను!

మా అల్లుడు ఆఫీసులో ఇరవైమందికి పని చెప్పే మనిషి. తలుపు తియ్యబోయి కొండ మీంచి దూకాడు. మూడుసార్లు దూకాడు. మా అమ్మాయి ఆటలో ఒక ఊరి పెద్దని పలకరించబోయి దుడ్డుకర్రతో నెత్తిన కొట్టింది. ఊరు ఊరంతా వెంటపడి తరిమింది. ఊరికే చూద్దామని కూర్చున్న మా ఆవిడ కారు వెనక్కి తియ్యబోయి పావుగంట హారన్ కొట్టింది. చిన్నా పెద్దా, చదివినవాళ్లూ చదవనివాళ్లూ అందరూ ఒకే సోఫాలో ఒకే లెక్కన తెల్లమొహం వేసే అవకాశం ఇంకెక్కడ దొరుకుతుంది?

ఇంకో మేలుంది. నేను ముప్ఫై ఆరేళ్లు క్రేన్ నడిపాను. ఏ లివర్ లాగినా ముందు దాని పేరు పైకి అనాలి. ఎత్తు. దించు. ఆపు. అది మా యార్డులో అలవాటు. ఇప్పుడు బటన్లకీ అదే చేస్తున్నాను.

మొన్న పక్కింటావిడ మా ఆవిణ్ణి అడిగింది.

"అన్నయ్యగారు లోపల ఎవరితో మాట్లాడుతున్నారు?"

"రిమోట్‌తో. నలభై రెండేళ్లలో నాతో అన్ని మాటలాడలేదు. ఆ కంపెనీవాడెవడో చల్లగా ఉండాలి."

చూశారా, ఎంత పుణ్యం!

ఇక గుర్రం సంగతి.

మా మనవరాలికి పదేళ్లు. అల్లుడి మెషీన్‌లో ఒక గుర్రాన్ని పెంచింది. అప్పుడే పుట్టిన గుర్రప్పిల్లని తెచ్చుకుని, కడిగి, దువ్వి, పరుగు నేర్పి, రెండు నెలలు సాకింది. దానికి తాతయ్య అని పేరు పెట్టింది. ఎందుకని అడిగాను.

"అదీ మాట్లాడదు. గడ్డి వేస్తే తలూపుతుంది."

ఒకరోజు బడికి వెళ్తూ చెప్పింది. "మధ్యాహ్నం దానికి గడ్డి వెయ్యి తాతయ్యా. ఇంకేం ముట్టుకోకు."

వేశాను. తలూపింది. ఆటలోంచి బయటికి వస్తుండగా వేలు ఎక్కడో తగిలింది. తెర మీద గుర్రం బొమ్మ, పక్కన చెత్తబుట్ట బొమ్మ. కింద ఇంటూ ఒకటి, గుండ్రం ఒకటి.

చెత్తబుట్ట అంటే ఏమిటో తెలుసు. వద్దనాలి. అంతకుముందు నెల రోజులు నేను చిన్న మెషీన్ మీదే ఆడాను. వద్దంటే కిందిదని బొటనవేలికి పట్టుబడింది. ఇక్కడ కిందిది ఇంటూ. నేను బడికి వెళ్లిన మూడేళ్లూ పంతులుగారు నా పలక మీద పెట్టింది ఎక్కువగా ఇంటూనే. దాని అర్థం నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలిసి ఉండదు. వేలు, చదువు మొదటిసారి ఒక్క మాట మీద నిలబడ్డాయి. "వద్దు" అని పైకే అని గట్టిగా నొక్కాను.

ఆ మెషీన్‌లో ఇంటూ అంటే అవునట. గుర్రం పోయింది.

సాయంత్రం పిల్ల ఏడవలేదు. ఖాళీ కొట్టం చూసి కంట్రోలర్ కింద పెట్టింది. "నేనింక తాతయ్యతో మాట్లాడను" అని వాళ్ల అమ్మమ్మతో చెప్పింది.

"ఆయనకి ఆ సంగతి తెలిసేసరికి నెల పడుతుందే" అంది మా ఆవిడ.

అంత పట్టలేదు. ఆ పూట భోజనం దగ్గరే తెలిసింది. టన్నుల కొద్దీ బరువులెత్తాను కానీ, ఒక మనిషి మాట్లాడకుండా పక్కన కూర్చుంటే ఇంత బరువుంటుందని అప్పటిదాకా తెలియదు. మా ఆవిడ వైపు ఒకసారి చూశాను. ఆవిడ నాకేసి చూడకుండా కూర వడ్డించింది.

మర్నాడు పిల్ల బడికి వెళ్లగానే ఒక గుర్రప్పిల్లని తెచ్చాను. పందొమ్మిది రోజులు పెంచాను. కడగబోయి నదిలో తోశాను. దువ్వబోయి దానిచేత తన్నించుకున్నాను. ఎక్కబోయి జీను అమ్మేశాను. ఇదంతా వరమే, మరిచిపోకండి!

మా యార్డులో పదకొండు క్రేన్లుండేవి. తలో కంపెనీవి. ఒకదానిలో ఆపే లివర్ కుడిపక్కన, ఇంకోదానిలో ఎడమన. కొత్త క్రేన్ వచ్చిన రోజే ఎవరో ఒకరం క్యాబిన్ ఎక్కి ఆపే లివర్‌కి ఎర్రగుడ్డ కట్టి దిగేవాళ్లం. మీటింగు లేదు, కాగితం లేదు. కొక్కెం కింద మనుషులుంటారు, అంతే.

నేనూ ఎర్ర టేపు ఒక చుట్ట తెచ్చాను. మూడు కంట్రోలర్లకీ వద్దనే బటన్ మీద చిన్న ముక్క అంటించాను.

ఇరవయ్యో రోజు పిల్లని పిలిచి చూపించాను. చాలాసేపు చూసింది.

"ఇది అది కాదు. దాని తోక తెల్లగా ఉండేది."

"అవును."

"పేరేంటి?"

"నువ్వే పెట్టు."

కంట్రోలర్ తీసుకుని ఏవో నొక్కింది. పేరు రాస్తోందనుకున్నాను. తెర మీద గుర్రం బొమ్మ, పక్కన చెత్తబుట్ట వచ్చాయి. కంట్రోలర్ నా చేతిలో పెట్టింది.

"వద్దని నొక్కు."

"ఎందుకే మళ్లీ?" అంది మా అమ్మాయి.

"నొక్కనీ అమ్మా. రేపు మళ్లీ గడ్డి వెయ్యాల్సింది తాతయ్యే కదా."

అల్లుడు నీళ్లు తాగడం ఆపేశాడు. మా ఆవిడ వంటగది గుమ్మంలో నిలబడింది. నా బొటనవేలు కిందికే లాగుతోంది. నేను తెర చూడలేదు, గుర్తులు చూడలేదు. ఎరుపు ఒక్కటే చూశాను. "వద్దు" అని నొక్కాను.

చెత్తబుట్ట పోయింది. గుర్రం తలూపింది.

పిల్ల జరిగి నాకు చోటిచ్చింది. పేరు రాయడం మొదలుపెట్టింది. తాతయ్య టూ. "ఇది పాతదానికన్నా నయం. పని పడితే మాట్లాడుతుంది" అంది.

కాబట్టి కంపెనీలవారికి నా విన్నపం. మీరు తొందరపడకండి. మీ దగ్గర పెద్ద చదువుల వాళ్లు వందలమంది ఉంటారు. వద్దు అనే ఒక్క మాట ఎక్కడ పెట్టాలో ఇన్నేళ్లుగా తేలడం లేదంటే మీ కష్టం ఎవరికైనా అర్థమవుతుంది. మా ఇంట్లో టేపు చుట్ట ఇంకా సగం మిగిలే ఉంది. ఎవరైనా వచ్చి పట్టుకెళ్లండి. కొక్కెం కింద ఎవరో ఒకరు ఉంటారని గుర్తు పెట్టుకుంటే చాలు, డబ్బులివ్వక్కర్లేదు.