కంట్రోల్ గ్రూపు

పదింటికి పరీక్ష, పదకొండుకు మార్కులు, పన్నెండుకు కమిటీ. ఆ పొద్దున లెక్కలమ్మ వేసుకున్న ప్లాను ఇంతే. యువజన కేంద్రంలో ఏం చేసినా అది పిల్లలకు నిజంగా పనికొచ్చిందా లేదా అని కొలవడం ఆమె ఉద్యోగం. లెక్కలమ్మ అన్న పేరు పిల్లలు పెట్టిందే. చదువులో వెనకబడ్డ అరవై మందిని ఆర్నెల్ల కిందట చీటీలు తీసి రెండు గ్రూపులు చేసింది. ఒకదానికి ఆటలతో చదువు. పోల్చి చూడ్డానికి, ఆటలేవీ లేకుండా రెండోది, కంట్రోల్ గ్రూపు. ఆటలు పనిచేశాయని ఇవాళ ఋజువైతేనే ఆమె ఉద్యోగం నిలుస్తుంది.

ఆటల గ్రూపుకు సగటున నూటికి నలభై వచ్చాయి. కంట్రోల్ గ్రూపుకు డెబ్భై! మూడుసార్లు కూడినా అంతే. కేంద్రం చూసుకునే మాస్టారి దగ్గరికి పరుగెత్తింది.

"మాస్టారూ, కంట్రోల్ గ్రూపుని ఏం చేశారు?"

"కంట్రోల్ చేశానమ్మా!" ఆయన మీసం దువ్వుకున్నాడు. "ఫోన్లు లాక్కుని, పుస్తకాల గదిలో పెట్టి తాళం వేశా. ఒక్కడు కిక్కురుమంటే ఒట్టు."

"అయ్యో, వాళ్లని మామూలుగా వదిలేయాలండీ!"

"వదిలేస్తే కంట్రోలెలా అవుతుంది? పైగా నీ చీటీల్లో బుద్ధిమంతులు కూడా అందులో పడ్డారు. వాళ్లని ఆటలకి పంపించి, గడుగ్గాయిల్ని ఇటు లాగేశా."

ఆర్నెల్ల శ్రమా మట్టికొట్టుకుపోయింది.

కమిటీ గదిలో మార్కుల కాగితం అప్పటికే అధ్యక్షురాలి చేతిలో ఉంది. "అద్భుతం! నలభై కేంద్రాల్లోనూ ఈ కంట్రోల్ పెట్టేద్దాం. నువ్వే అన్నిటికీ పెద్ద" అంటూ ఆవిడ సంతకానికి పెన్ను తీసింది.

లెక్కలమ్మ నోరు మూసుకుంటే ఉద్యోగం ఉండటమే కాదు, పెద్దదవుతుంది. నలభై చోట్ల పిల్లల మీద తాళాలు పడతాయి. పెన్ను కాగితం మీద ఆనింది.

"ఆగండి మేడమ్! దీంతో ఏదీ ఋజువు కాలేదు. గ్రూపులు కలగాపులగమయ్యాయి. ఎవరు ఎందుకు బాగా చదివారో నాకే తెలీదు. మాస్టారికి సరిగ్గా చెప్పకపోవడం నా తప్పే."

అధ్యక్షురాలు ఆమెను ఎగాదిగా చూసి పెన్ను కింద పెట్టింది.

"ఇన్నేళ్లలో నా ముందుకొచ్చిన రిపోర్టులన్నీ విజయవంతమే. తెలీదన్న మనిషిని ఇవాళే చూశా. ఇంకో ఏడాది ఉండు, మళ్లీ చెయ్యి. ఆ కంట్రోల్ అన్న మాట మాత్రం మార్చు."

లెక్కలమ్మకు ప్రాణం లేచొచ్చింది. మాట మార్చి 'పోలిక గ్రూపు' అంది. అందులోవాళ్లని ఏమీ చేయొద్దని మాస్టారి చేత ఒట్టేయించుకుంది.

మర్నాడు ఆమె వచ్చేసరికి, అచ్చుగుద్దినట్టుండే అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ వరండాలో 'పోలిక గ్రూపు' అన్న బోర్డు కింద జంటలు జంటలుగా నిలబడి ఉన్నారు.

మాస్టారు వాళ్లని ఏమీ చేయలేదు.