ఒక్క పాట వచ్చిన బ్యాండు

ఏనుగులు కూడా దారి తప్పేంత పెద్ద అడవి అది. అంత అడవికీ ఒక్కటే సర్కారు బడి. ఆ బడికో బ్యాండు మేళం. నక్కపిల్లలు సన్నాయి ఊదేవి, అడవిపంది పిల్లలు డోలు కొట్టేవి, తురాయి అనే ఉడుతపిల్ల వేణువు పట్టేది.

వాళ్లకి సంగీతం నేర్పే దుప్పి పేరు మంజరి టీచరు. ఆవిడ పద్ధతి చూసేవాళ్లకి చిరాకు పుట్టించేది. పొద్దున్నే రాగానే పాట మొదలెట్టేది కాదు. ముందు అందరూ గాలి పీల్చుకుని, ఊపిరి ఉన్నంతసేపూ ఒక్క 'స' ఊదాలి. తరవాత నల్లబండ మీద సుద్దతో ఒక వరస రాసేది. స్వరాలు, మధ్యలో గీతలు. పిల్లలు దాన్ని చూసి ముందు చప్పట్లతో తాళం వెయ్యాలి, ఆపైన నోటితో పాడాలి, చివరికి వాయించాలి. మర్నాడు అది చెరిపేసి కొత్త వరస.

"టీచర్, గీత దగ్గర ఏం వాయించాలి?" అని తురాయి అడిగింది.

"ఏమీ వాయించకూడదు. ఊరుకోవాలి. ఊరుకోవడం కూడా రాసే ఉంటుందమ్మా."

"ఎంతసేపు?"

"గీత ఎంత పొడుగుంటే అంతసేపు. హెడ్మాస్టరు గారికి చిన్నప్పుడు ఈ పాఠం ఎవరూ చెప్పలేదు. అందుకే ఆయన ఉపన్యాసాలు అలా ఉంటాయి."

మంజరి టీచరుకి నోరు కొంచెం ఎక్కువ.

చలి మొదలయ్యాక ఒక పొద్దున ఆవిడ కొత్త వరస రాసి మంచినీళ్లకి బయటికి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి వేణువు వినిపించింది. ఎవరూ పాడి చూపించని ఆ వరసని తురాయి బండకేసి చూస్తూ తనంతట తానే ఊదుతోంది. ఒకచోట తడబడి, వెనక్కి వెళ్లి, సరిచేసుకుంది.

"టీచర్! ఇది మాట్లాడుతోంది!" అని తోక నిక్కబొడుచుకుని గెంతింది.

మంజరి కళ్లు తుడుచుకుని, "తాళం కొంచెం పరిగెత్తింది," అంది.

సరిగ్గా ఆ వారంలోనే విద్యాధికారి తనిఖీకి వచ్చారు. ఆయన నెమలి. పేరు కలాపమూర్తి గారు. ఏ బడికి వెళ్లినా ముందు తన పింఛం చూపించి, తరవాత పిల్లల్ని చూసేవారు.

"ఇదేమిటి, అందరూ ఒకే కూత కూస్తున్నారు? పాటేది?"

"సాధన అండి. రోజూ ఇలా చేస్తే చదవడం వస్తుంది," అంది మంజరి.

"సంగీతం వినేది చెవులతో. చదవడం దేనికి?"

"చదవడం వస్తే ఏ పాట ఇచ్చినా వాయించగలరు."

"ఏ పాటైనా ఎందుకమ్మా? వచ్చే నెల పులిరాజు గారు పర్యటనకి వస్తున్నారు. ఆయనకి కావలసింది ఒక్క పాట. స్వాగత గీతం."

"చిత్తం. మొదటినుంచీ నేనూ అదే అంటున్నాను," అన్నారు హెడ్మాస్టరు లంఘనరావు గారు. ఆయన కొండముచ్చు. మొదటినుంచీ ఆయన ఏమీ అనలేదు. కానీ బాకా ఊదడంలో ఆ బ్యాండులో ఎవరూ ఆయనకి సాటిరారు.

"వీళ్లకి ఇప్పుడిప్పుడే అక్షరం పట్టుబడుతోంది. ఈ ఒక్క చలికాలం నాకివ్వండి," అని మంజరి బతిమాలింది.

"చలికాలం ఇవ్వలేం. పెరడు ఇస్తాం," అన్నారు కలాపమూర్తి గారు.

ఆ మర్నాటినుంచి మంజరి టీచరు బడి పెరట్లో గోంగూరకి నీళ్లు పోసింది. క్లాసులోకి చిలుక పంతులు వచ్చాడు. నల్లబండ కడిగించి, దానిమీద కూర్చున్నాడు. తను పలికింది పిల్లలు తిరిగి పలకాలి. అంతే.

"స్వాగతం దొరా స్వాగతం! ఏటేటా ఇదే సంబరం!"

పది రోజులకే బ్యాండు ఆ పాట మోగించేసింది. తల్లిదండ్రులు పొంగిపోయారు.

"ఆ దుప్పి దగ్గర ఇన్నాళ్లూ గాలి పీల్చడమే సరిపోయింది. పంతులు గారొచ్చారు, మావాడు డోలు చించేస్తున్నాడు," అని అడవిపందమ్మ ఊరంతా చెప్పుకుంది. వాడు నిజంగానే రెండు డోళ్లు చించాడు.

రాజుగారు రావలసిన రోజు రానే వచ్చింది. ఆయన రాలేదు. రాజమాత పోయిందని కబురొచ్చింది. వెంటనే తోడేలు దూత పరుగున వచ్చి, హెడ్మాస్టరు చేతిలో ఒక తాటాకు పెట్టాడు.

"రాజవంశపు అంతిమయాత్ర వరస ఇది. సాయంత్రం మీ బ్యాండే వాయించాలి."

"ఆస్థాన మేళం ఉంది కదండీ?"

"ఉండేది. కిందటేడు అపస్వరం పలికిందని రాజుగారు తినేశారు."

లంఘనరావు గారికి తోక చల్లబడింది. తాటాకు చిలుక పంతులికిచ్చారు. పంతులు దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఎవరైనా ఒక్కసారి పాడి వినిపిస్తే నేను చెప్పేస్తాను," అన్నాడు.

"మంజరి టీచర్ని పిలుద్దామండి," అంది తురాయి.

"గోంగూరకి నీళ్లు పోసేవాళ్లని రాజుగారి ముందు నిలబెట్టాలా? బడి పరువేం కాను!" అన్నారు కలాపమూర్తి గారు.

సాయంత్రం శవయాత్ర కదిలింది. పులిరాజు గారు తలవంచుకుని ముందు నడుస్తున్నారు. వెనకే బ్యాండు నడుస్తోంది. తురాయి తాటాకుని దగ్గరికి తీసుకుంది. మొదటి వరసలో ఉన్నవన్నీ తనకి తెలిసిన గుర్తులే. వేణువెత్తి మెల్లగా ఊదింది. గీత వచ్చినచోట ఊరుకుంది. ఆ నిశ్శబ్దంలో పులిరాజు గారు తలెత్తారు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి.

రెండో వరసలో మెలికల గుర్తులున్నాయి. అవి మంజరి టీచరు చెప్పేలోపే క్లాసు ఆగిపోయింది. తురాయి ఆగిపోయింది. గీత అయిపోయినా నిశ్శబ్దం మాత్రం అయిపోలేదు. రాజుగారి మీసాలు కదిలాయి.

"వాయించండ్రా! ఏదో ఒకటి!" అని వెనకనుంచి లంఘనరావు గారు గిల్లారు.

వాళ్లకి ఉన్నదే ఒకటి. సన్నాయిలు లేచాయి, డోళ్లు దద్దరిల్లాయి.

"స్వాగతం దొరా స్వాగతం! ఏటేటా ఇదే సంబరం!"

పాడె మోస్తున్న ఎలుగుబంట్లు అలవాటుకొద్దీ రెండడుగులు చిందేశాయి. చిన్నరాణి గారు తోకతో తాళం వేశారని కూడా చెప్పుకున్నారు. అత్తగారి శవం ముందు అది శోకమో మరొకటో ఎవరూ అడగలేదు. పులిరాజు గారు గర్జించారు. బ్యాండు, పంతులు, హెడ్మాస్టరు, అందరూ చెట్లెక్కేశారు. పందిపిల్లలు కూడా ఎలాగో ఎక్కాయి.

దీనిమీద విచారణ సంఘం వేశారు. అధ్యక్షులు కలాపమూర్తి గారే. సంఘం తప్పు ఎవరిదో ఇట్టే తేల్చింది: "ఉడుతపిల్ల మొదటి వరస చదవకపోయి ఉంటే రాజుగారికి రెండో వరస మీద ఆశ కలిగేది కాదు. దానికి చదవడం నేర్పినది మంజరి. కాబట్టి మంజరిని పెరటినుంచి కూడా తీసేశాం. ఉడుతపిల్లని బడినుంచి తీసేశాం."

రాజుగారు మాత్రం ఒక్క మాట అడిగారు. "ఆ మొదటి వరస దానికెలా వచ్చింది?"

"పొద్దుటి సాధన వల్ల, ప్రభూ."

"అయితే అడవంతా చేయించండి."

కలాపమూర్తి గారు ఆ రోజే ఆజ్ఞ పంపారు. చెట్టు చెట్టుకీ ఒక చిలుకని వేశారు. రోజుకో వరస ఎవరు రాస్తారని, అందరికీ ఒకటే వరస ఖాయం చేశారు. ఇప్పుడు ఆ అడవిలో తెల్లారితే చాలు, పిల్లలంతా కళ్లు మూసుకుని శవయాత్ర మొదటి వరస కంఠతా వాయిస్తారు. తనిఖీకి వచ్చి అది మెచ్చుకోని అధికారి లేడు.

తురాయి ఆ తాటాకు పట్టుకుని ఏరు దాటి మంజరి ఉన్న చోటికి వెళ్లింది. మంజరి తడి ఇసకలో గిట్టతో రెండో వరస రాసింది.

"ముందు గాలి పీల్చుకో," అంది.

నీతి: పిల్లలకి చదవడం రావాలంటే ముందు వాళ్లని బడి మానిపించాలి.