నీళ్ళ పంపు

ఆదివారం ఉదయం లైబ్రేరియన్ పెట్టుకున్న పనులు మూడే. తొమ్మిదికల్లా గది తుడవాలి, పదింటికి కారు తీయాలి, పదకొండుకు స్టేషన్‌లో నలగని చొక్కాతో అత్తగారికి ఎదురెళ్ళాలి. భార్య పోయిన ఎనిమిది నెలలకు ఆవిడ ఇప్పుడే వస్తున్నారు. అదీ చుట్టపుచూపుగా కాదు. "ఒక్కడివీ ఇల్లేం నడుపుతావు బాబూ? వచ్చి చూస్తాను. కుదిరేలా లేకపోతే పిల్లను నాతో తీసుకుపోతాను," అని ఫోన్‌లో ముందే చెప్పారు. రెండో తరగతి చదివే కూతురు ఆ మాట తలుపు చాటున వింది.

కారు గేటు దాటుతుండగా స్టీరింగ్ ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. చేతులు చాలక మోచేతులు కూడా ఆనించి తిప్పాడు. కారు గేటుకు అడ్డంగా నిలబడింది గానీ వీధిలోకి తిరగలేదు. ఇంతలో స్టీరింగ్ వెనక డాష్‌బోర్డు మీద ఎర్రదీపం వెలిగింది.

"నాన్నా, థర్మామీటర్ బొమ్మ వచ్చింది. కారుకి జ్వరమా?"

"అలాంటిదేనమ్మా."

కారు సంగతులన్నీ భార్యే చూసుకునేది. ఆమె డైరీ వెతికితే మెకానిక్ నంబరు దొరికింది. పక్కన "మంచివాడు" అని రాసి ఉంది. ఆ ఒక్క మాటకే అతనికి సగం ధైర్యం వచ్చి ఫోన్ చేశాడు.

"ఇంజన్ ఆపెయ్యండి సార్. రేడియేటర్ మూత మాత్రం తియ్యకండి, మొహం కాలుతుంది. బెల్టు ఎలా ఉందో చూడండి."

లైబ్రేరియన్ సీటుబెల్టును నాలుగుసార్లు లాగాడు. "గట్టిగానే ఉంది."

"అలాగా. మరి నీళ్ళ పంపు తిరుగుతోందా?"

ఇంట్లో పంపుకీ వాకిట్లో కారుకీ సంబంధమేమిటో అతనికి అంతుపట్టలేదు. అయినా తెలిసినవాడు అడిగాడు కదా అని లోపలికి వెళ్ళి, అత్తగారి కోసం సర్దిన గదిలో వాష్‌బేసిన్ పంపు తిప్పాడు. "తిరుగుతోంది. కాస్త బిగుతుగా ఉంది. నీళ్ళు మాత్రం రావట్లేదు."

"అయితే అదే సార్. కదలకండి, గంటలో వస్తా."

సరిగ్గా చెప్పానన్న తృప్తితో అతను బయటికొచ్చాడు. పంపు కట్టేయలేదు. పొద్దున గది తుడిచిన గుడ్డ బేసిన్‌లో నీళ్ళు పోయే దారికి అడ్డంగానే ఉండిపోయింది. స్టేషన్‌కు టాక్సీ పిలుద్దామంటే, అప్పటికే అత్తగారు ఫోన్ చేసి, "రైలు ముందే వచ్చింది. నేనే వస్తున్నా," అనేశారు.

"అమ్మమ్మ నన్ను తీసుకెళ్ళిపోతుందా?" కూతురు బానెట్ వైపు చూస్తూ అడిగింది.

అతను ఆమె తల నిమురుతుండగానే వీధి కుళాయిలో నీళ్ళు వచ్చిన చప్పుడైంది. అది అతను విన్నాడు, పట్టించుకోలేదు.

అత్తగారు పెట్టెతో గుమ్మంలో నిలబడేసరికి నీళ్ళు ఆవిడకు ఎదురొచ్చాయి. నేల మీది పరుపు, తివాచీ, కింది అరలో కుక్కిన అతని బట్టలు అన్నీ తడిశాయి. దుప్పట్లూ తువ్వాళ్ళూ వేసి తండ్రీకూతుళ్ళు తుడుస్తుంటే ఆవిడ గుమ్మంలోనే నిలబడి చూశారు. ఇక చెప్పుకోవడానికేం మిగల్లేదని అతనికి అర్థమైంది. పాప స్కూలు సంచీ వెతికి, పొడిగా ఉందో లేదో తడిమి, ఆవిడ పెట్టె పక్కన పెట్టాడు.

అప్పుడొచ్చాడు మెకానిక్. బానెట్ ఎత్తి, తెగిన నల్లటి పట్టీ ఒకటి బయటికి లాగాడు.

"నేనడిగిన బెల్టు ఇదీ సార్. స్టీరింగ్‌కీ, ఇంజన్ చల్లబరిచే పంపుకీ, బ్యాటరీకీ ఇదొక్కటే ఆధారం. ఇది పోతే అన్నీ ఒక్కసారే పోతాయి."

"ఏమీ చెప్పకుండానే తెగిందా?" అత్తగారు అడిగారు.

"చెప్పే ఉంటుందమ్మా. కీచుమంటుంది కొన్నాళ్ళు."

"అరిచింది," అన్నాడు లైబ్రేరియన్. "నేను రేడియో పెంచాను."

అత్తగారు ఆ పట్టీని చేతిలోకి తీసుకున్నారు. వేళ్ళకు మసి అంటింది.

"నీరసంగా ఉందమ్మా అని పోకముందు అమ్మాయి నాకూ చెప్పింది, ఫోన్‌లో. నిద్ర చాలక అయ్యుంటుందిలే అన్నాను," అన్నారు నెమ్మదిగా. "ఎనిమిది నెలలుగా నువ్వే వినలేదని నిన్ను తిట్టుకుంటున్నాను బాబూ."

ఆవిడ స్కూలు సంచీని తీసుకెళ్ళి పాప బల్ల మీద పెట్టారు. కొంగు దోపుకుని, "ఆ బకెట్ ఇటివ్వు. అలా తుడిస్తే ఏడాది పడుతుంది. ఎలాగూ నేనిక్కడే ఉంటాను గానీ," అన్నారు.

ఇంట్లో పొడిబట్టలంటూ ఆవిడ పెట్టెలోనే మిగిలాయి గనక, మధ్యాహ్నం అల్లుడు అత్తగారి పూలశాలువా కప్పుకుని భోజనానికి కూర్చున్నాడు.