వామన్‌రావు రేసు సైకిలు

ఆ ఆదివారం పొద్దున వామన్‌రావు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. చాయ్ తాగడం, శాలిబండ మలుపులో ఉన్న ఆగయ్య దుకాణంలో తన రేసు సైకిలు తీసుకోవడం, తొమ్మిదింటికల్లా మాదన్నపేట అవతలి మైదానంలో జరిగే ఆఫీసు ఆటల పోటీలకు చేరడం, సైకిలు పందెంలో మొదట రావడం, ప్రభాకర్ నోరు శాశ్వతంగా మూయించడం. ఇందులో అత్యాశ ఏముందో మీరే చెప్పండి.

ప్రభాకర్ ఆయన పక్క బల్ల గుమాస్తా. వయసులో చిన్నవాడు, నోరు మాత్రం చాలా పెద్దది. నెల కిందట క్యాంటీన్లో ఆఫీసరు రామ్‌చందర్ ఎదుటే అన్నాడు. "వామన్‌రావు సాబ్ టేబుల్ మీద పడ్డ ఫైలు, వామన్‌రావు సాబ్, రెండిటిదీ ఒకటే స్పీడు సార్. ఎవరన్న వెనకనుంచి నూకాలె." అందరూ నవ్వారు. ఆఫీసరు కూడా నవ్వాడు. మర్నాటికల్లా ఆయనకు 'నిదానం సాబ్' అని పేరు పడిపోయింది. చివరికి ప్యూను కూడా "నిదానం సాబ్‌కు చాయ్" అని కేక వేయడం మొదలుపెట్టాడు. ఇరవై ఏళ్లు నౌకరీ చేసిన మనిషికి దక్కాల్సిన మర్యాద ఇదేనా?

ఆ మంటలో వామన్‌రావు రెండు పనులు చేశాడు. మొదటిది, రెండేళ్లుగా తన బల్ల మీద నిద్రపోతున్న పైపులైను తవ్వకం ఫైలును ఒక్క మధ్యాహ్నంలో దులిపి, బల్లబల్లకూ తానే మోసుకుపోయి, సంతకాలన్నీ పెట్టించి పైకి పంపాడు. ఎవరూ పట్టించుకోలేదు. రెండోది, చదువుకునే రోజుల్లో తాను సైకిలు పందేలలో కప్పులు గెలిచిన సంగతి గుర్తు తెచ్చుకుని, ఆటల పోటీల్లో రోడ్డు పందేనికి పేరు ఇచ్చాడు. ఆ వారమే జుమ్మెరాత్ బజారులో పాత కుట్టుమిషన్ల పక్కన ఇంగ్లండులో తయారైన రేసు సైకిలు కనిపించింది. గొర్రె కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు, సన్నటి చక్రాలు, ఒంటి మీద తుప్పు తప్ప ఇంకేమీ లేని తేలికైన సైకిలు. దాన్ని చూసి ఆయనకు కళ్లు చెమర్చాయి.

తిన్నగా ఆగయ్య దగ్గరికి నడిపించుకుపోయాడు. "ఇది మామూలు సైకిలు కాదు ఆగయ్యా. పుట్టినప్పుడు ఎట్లుండెనో గట్లనే కావాలె. ఏ కొరతా ఉండొద్దు."

"ఫికర్ చెయ్యకు సారూ," అన్నాడు ఆగయ్య.

వామన్‌రావు ఫికరు చేయలేదు. ఆడిట్ పని మీద నిజామాబాద్ వెళ్లి శనివారం రాత్రే తిరిగి వచ్చాడు. ఫికరు చేసి ఉండాల్సింది.

దుకాణంలో ఆగయ్య గోనెపట్టా లాగి పక్కకు విసిరాడు. లోపల పాలవాళ్లు క్యాన్లు కట్టుకుని తిరిగే రకం నల్లటి సైకిలు ఒకటి నిలబడి ఉంది.

"బాగుంది. నా సైకిలేది?" అన్నాడు వామన్‌రావు.

"గిదే సారూ."

వామన్‌రావు వెనక్కి తిరిగి చూశాడు. ఇంకో సైకిలు ఏదీ లేదు. ఆ నల్ల సైకిలు వెనక మడిగార్డు మీద తెల్ల పెయింటుతో 'వామన్‌రావు, సీనియర్ క్లర్కు' అని గుండ్రటి అక్షరాలు మాత్రం ఉన్నాయి. ఇక తనది కాదనడానికి కూడా వీల్లేదు.

"ఆగయ్యా, హ్యాండిలు ఏమైంది?"

"అదే చెప్తున్న సారూ. మొత్తం కిందికి వంగిపోయి ఉండె. ఎవడో యాక్సిడెంట్ చేసి నీకు అంటగట్టిండు. కాల్చి, సుత్తెతోని కొట్టి తిన్నగ చేసిన. రెండు దినాలు పట్టింది, చేతులు బొబ్బలెక్కినయ్."

"అది వంగి ఉండేదే. దాన్ని తయారు చేసుడే అట్ల చేస్తరు."

ఆగయ్య ఆయనను జాలిగా చూశాడు. "వంగిన హ్యాండిలు ఎవరు చేస్తరు సారూ? రోడ్డు ఎట్ల కనబడుతది? నిన్ను మస్తు మోసం చేసిన్రు. మడిగార్డుల్లేవు, స్టాండు లేదు, గంట లేదు, చైను కవరు లేదు. అన్నీ పీక్కొని, ఉత్త బొక్కల గూడు ఇచ్చిన్రు. చూస్తే నాకే ఏడుపొచ్చింది. సారు ఏ కొరతా ఉండొద్దన్నడు గద అని అన్నీ తెచ్చి పెట్టిన."

ఇప్పుడు ఈ మనిషిని ఏమనాలి? దొంగైతే పోలీసులకు పట్టించవచ్చు. బద్ధకస్తుడైతే నాలుగు తిట్టవచ్చు. తన కోసం చేతులు బొబ్బలెక్కించుకున్న మంచివాణ్ణి చట్టప్రకారం ఏమీ చేయలేము. వామన్‌రావు వంగి చక్రాల వైపు చూశాడు.

"పోనీ, సన్న చక్రాలు యాడున్నయ్? అవన్న బిగించు."

"అరిగరిగి గట్ల సన్నగైనయ్ సారూ. మన రోడ్ల మీద అవి ఆగుతయా? లావువి బిగించిన. ఫోర్కుల పట్టకపోతే జర సాగదీసి దూర్చిన. కొద్దిగ రాసుకుంటది, నడవంగ నడవంగ అరుగుతది. పాతవి, కత్తులు సాన పెట్టే యూసుఫ్ భాయ్ తన సానబండికి తీస్కపోయిండు. మస్తు హల్కగ తిరుగుతున్నయంట."

సరిగ్గా అప్పుడే గల్లీ చివర నుంచి కత్తి సాన పెడుతున్న చప్పుడు జుయ్యిమని వినిపించింది. మంచి స్పీడు. తన స్పీడు.

అంతలో ఆయన భార్య అహల్య పళ్లెంలో కొబ్బరికాయ, పసుపు, నిమ్మకాయలు పట్టుకుని వచ్చింది. "ఎట్లున్నది? క్యారియరు నేనే పెట్టించిన," అంది సంతోషంగా.

"క్యారియరు ఎందుకే? రేసుల క్యారియరు ఏం పని?"

"పుట్టినప్పటి లెక్కనే ఉండాలంటిరట గద. క్యారియరు లేకుండ ఏ సైకిలు పుడ్తది? ఇగ మార్కెట్ నుంచి కూరగాయలు మోసుడు నాకు తప్పె. కొత్తగైన బండిని ఉత్తగ తీస్తరా, జర ఆగుండ్రి."

ఆవిడ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, రెండు చక్రాల కింద రెండు నిమ్మకాయలు పెట్టింది. చక్రం కింద నిమ్మకాయ చితకాలి. అది ఆచారం. వామన్‌రావు ఎక్కి పెడలు మీద నిలబడి తొక్కాడు. నిమ్మకాయ చితకలేదు. సైకిలే నిమ్మకాయ దగ్గర ఆగిపోయింది. చివరికి అహల్య, ఆగయ్య కలిసి వెనక నుంచి నూకారు. ప్రభాకర్ అన్న మాట అక్షరాలా నిజం కావడం చూసి వామన్‌రావు పళ్లు నూరుకున్నాడు.

దారి పొడుగునా లావు టైరు ఫోర్కుకు రాసుకుని మూలుగుతూనే ఉంది. మొగల్‌పురా దగ్గర ఆకుకూరల మాణిక్యమ్మ నెత్తిన గంపతో నడుస్తూ ఆయనను కలుసుకుంది. కాసేపు పక్కపక్కనే సాగారు. ఆమె ఆయనను దాటిపోతుందేమో అనిపించింది.

"సారూ, ఎట్లగూ నాతోనే వస్తున్నవ్ గద. గీ గంప జర క్యారియరు మీద పెట్కో," అని జవాబు కోసం చూడకుండా పెట్టేసింది. క్యారియరు ఉన్న సైకిలు కనిపిస్తే అది ఊరందరిదీ అనుకునే జనంతో ఎవరు వాదించగలరు? ఒకప్పుడు కప్పులు గెలిచిన వామన్‌రావు తోటకూర, పాలకూర మోసుకుంటూ మాదన్నపేట మార్కెట్ దాకా తొక్కి, అక్కడ గంప దింపి, చెమటతో తడిసి మైదానం చేరాడు.

మైదానంలో ప్రభాకర్ సైకిలు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. "సాబ్, రేసు సైకిలన్నరు. పాలు యాడున్నయ్?"

వామన్‌రావు ఏదో అనబోతుండగా ఆఫీసరు రామ్‌చందర్ మైకు పట్టుకున్నాడు. "రోడ్డు పందెం క్యాన్సిల్. మనోళ్లే నిన్న రాత్రి రోడ్డంత తవ్వి పడేసిన్రు. రెండేండ్లు కదలని పైపులైను ఫైలు, ఎవరో మహానుభావుడు పోయిన నెల ఉరికించిండంట."

వామన్‌రావు తన చెప్పుల వైపు చూసుకున్నాడు. ఇరవై ఏళ్ల నౌకరీలో ఆయన తొందరగా చేసిన పని అదొక్కటే.

"పేరిచ్చినోళ్లందరు స్లో సైకిల్ రేసుల నిలబడుండ్రి. ఆఖరున వచ్చినోడే ఫస్టు. కాలు కింద పెడితే ఔట్," అన్నాడు ఆఫీసరు.

"సార్, నా పేరు కొట్టెయ్యుండ్రి," అన్నాడు వామన్‌రావు.

"అరె, నీకోసమే పెట్టినట్టున్నది గదయ్యా. నిలబడు."

అందరూ మళ్లీ నవ్వారు. వామన్‌రావుకు చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడు ఆయన ఒక నిర్ణయం తీసుకున్నాడు. ఓడిపోతాడు. అందరికంటే ముందు, బాణంలా అవతలి గీత దాటి, ఆఫీసంతా చూస్తుండగా ఘనంగా ఓడిపోతాడు. ఆ తర్వాత నిదానం సాబ్ అని ఎవడు పిలుస్తాడో చూస్తాడు.

విజిలు మోగింది. వామన్‌రావు సీటు మీద నుంచి లేచి ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తొక్కాడు. నెల రోజుల కోపం, వంగిన హ్యాండిలు, సాన చక్రం, తోటకూర గంప అన్నీ ఆ పెడళ్ల మీదే పెట్టాడు. దారిలో అరుగుతుందన్న టైరు వేడెక్కి ఇంకా ఉబ్బినట్టుంది, ఫోర్కును పట్టుకుని వదల్లేదు. సైకిలు జానెడు కదిలింది. ఆగింది. ఇంకో జానెడు కదిలింది. అంత బరువుకూ, అంత లావు చక్రాలకూ అది ఇటు ఒరగలేదు, అటు ఒరగలేదు. పక్క గీతల్లో మిగతా వాళ్లు తూలి ఒకరొకరే కాలు కింద పెట్టారు. సగం దూరంలో ప్రభాకర్ కూడా పెట్టాడు.

"వామన్‌రావ్, తొందరపడకు," అని రామ్‌చందర్ మైకులో అరిచాడు.

తొందరపడకపోవడమా? ఆయన ప్రాణం పోయేలా తొక్కుతున్నాడు. మొహం కందిపోయింది, చొక్కా బొత్తాం తెగింది. జనం మాత్రం ఆహా, ఏమి నిగ్రహం అని చప్పట్లు కొడుతున్నారు. చివరకు గీత దాటేసరికి మైదానంలో సైకిలు మీద ఉన్నవాడు ఆయన ఒక్కడే.

రామ్‌చందర్ ఆయన మెడలో పూలదండ వేసి, ముద్ర కొట్టిన సర్టిఫికెట్టు పైకెత్తి చదివాడు. శాఖ మొత్తంలో అందరికంటే నిదానంగా నడిచినందుకు వామన్‌రావు ప్రథముడని దాని సారాంశం. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ప్రభాకరే. అహల్య ఆ సాయంత్రమే దాన్ని ఫ్రేము కట్టించి, వచ్చేవాళ్లకు గుమ్మంలోనే కనిపించేలా గోడకు తగిలించింది. ఆగయ్య వచ్చి చూసి, "నేన్ చెప్పలే సారూ, మంచిగ చేసిన అని," అన్నాడు.

ప్రమోషన్లను లెక్కలోకి తీసుకోకపోతే, ఆ శాఖ నిదానానికి బహుమతి ఇవ్వడం అదే మొదటిసారి.