మిగులు లేని ఇల్లు

చోరనూరులో ఇకమీదట ఏ ఇంట్లోనూ అన్నం మిగలరాదని మహిళా సమితి ఏకగ్రీవంగా తీర్మానించింది. ఒకవేళ మిగిలితే దాన్ని మిగిలినట్లుగా భావించరాదనీ, మరుసటి వంటకానికి ముడిసరుకుగా పరిగణించాలనీ అదే తీర్మానంలో ఉంది. సభ్యులందరూ చప్పట్లతో ఆమోదించారు. చప్పట్లు కొట్టినవారిలో కొట్రమ్మ కూడా ఉంది. ఆమె సభ్యురాలు కాదు, చాయ్ అందించడానికి వచ్చింది. అందరూ కొడుతుంటే తను చేతులు కట్టుకుని నిలబడటం మర్యాద కాదని తనూ కొట్టింది. తన రాత్రి కూటినే చప్పట్లతో సాగనంపుతున్నానని ఆమెకు అప్పటికి తెలియదు.

కొట్రమ్మ ఆ సమితి అధ్యక్షురాలు యశోద ఇంట్లో పని చేస్తుంది. యశోద భర్త గురుస్వామికి ఖనిజం తోలే టిప్పర్లు ఉన్నాయి. పనికి కుదిరినప్పుడు మాట్లాడుకున్నది నెల జీతం, దాని పైన ‘రాత్రి మిగిలింది’. ఇది ఆ ప్రాంతంలో చాలా నాగరికమైన ఏర్పాటు. అన్నం తనంతట తాను ఎప్పుడూ మిగలదు. సాయంత్రం ఎసట్లో ఇంటివాళ్లకు సరిపడా పోసి, ఆ పైన ఇంకాసిని బియ్యం పోస్తేనే మిగులుతుంది. ఆ సంగతి పోసేవాళ్లకూ తెలుసు, తీసుకుపోయేవాళ్లకూ తెలుసు. కానీ దాన్ని జీతం అంటే తగ్గినరోజు అడగవచ్చు. మిగిలింది అంటే పెట్టినరోజు దండం పెట్టాలి. అందుకని మిగిలింది అనే అంటారు. పెట్టినవారికి పుణ్యం, తిన్నవారికి కడుపు. రేషన్ బియ్యం పగటిపూటకే చాలీచాలక ఉండే కొట్రమ్మ ఇంట్లో ఆమె, భర్త దురుగప్ప, అత్త ఉచ్చెంగమ్మ ఏళ్ల తరబడి రాత్రులు ఆ పుణ్యాన్నే చారులో కలుపుకుని తింటున్నారు.

తీర్మానం అయిన సాయంత్రం కొట్రమ్మ ఎప్పటిలాగే గిన్నె పట్టుకుని పెరటి గడపలో నిలబడింది. యశోద అన్నం గిన్నెకు మూత పెట్టి ఫ్రిజ్‌లోకి తోసింది.

“ఇంక మిగిలింది ఉండదు కొట్రమ్మా. అన్నం పారేసేది పాపం కదా?”

“పారేస్తాండామా అక్కా? తింటాండాం కదా.”

“తినేది వేరు, సద్వినియోగం వేరు. నీకు మెల్లగా తెలుస్తాది.”

కొట్రమ్మకు మెల్లగా కాదు, ఆ రాత్రికే తెలిసింది. ఉత్త గిన్నె చూసి ఉచ్చెంగమ్మ, “ఏందే, యాడన్నా ఒలకబోసుకుంటివా?” అంది.

“లేదత్తా. మన కూటికి సమితోళ్లు పెద్ద పేరు పెట్టినారు. ఏందో ముడిసరుకంట.”

“పేరు పెడితే తొట్లెలో ఏసుకుని ఊపమను. మనం తినేదానికి ఏమన్నా ఉండాదా?”

పగటి జొన్నరొట్టె ఒకటి ఉంటే ముగ్గురూ తుంచుకున్నారు.

మరునాటి నుంచి యశోద ఇంట్లో పొదుపు మొదలైంది. నిన్నటి అన్నం చిత్రాన్నమైంది. చిత్రాన్నం ఎంత పసుపుగా ఉన్నా నిన్నటిదేనని గుర్తుపట్టిన గురుస్వామి టిప్పర్ల పని ఉందని బస్టాండుకు పోయి, బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని వచ్చాడు. అలా మిగిలిన చిత్రాన్నాన్ని రుబ్బి, శెనగపిండి కలిపి వడలు వేశారు. మిగిలిన వడలు పెరుగులో మునిగాయి. మునిగి మిగిలినవి మజ్జిగపులుసులో తేలాయి. పిడికెడు సద్దన్నాన్ని కాపాడటానికి సండూరు నుంచి జీడిపప్పు, నెయ్యి వచ్చాయి. పొదుపు సరుకంతా పెట్టడానికి చోటు చాలక ఇంకో ఫ్రిజ్ కొన్నారు. ప్రతి వంటకాన్నీ ఫొటో తీసి సమితి గ్రూపులో పెడితే, ‘సూపర్ మేడం’ అని సభ్యులు రాశారు. రాసి, తమ ఇళ్లలో కూడా మిగల్చడానికి కావలసినంత వండటం మొదలుపెట్టారు.

కొట్రమ్మ కూడా ఒక ఉపాయం ఆలోచించింది. ఎసట్లో బియ్యం పోసేది తనే కాబట్టి ఇంకో రెండు గుప్పిళ్లు ఎక్కువ పోసింది. వంటకాలకు పోగా అడుగున ఎంతో కొంత నిలవకపోతుందా అని ఆమె ఆశ. సాయంత్రం గిన్నె నిండుగా చూసి యశోద ముఖం వెలిగింది.

“ఈపొద్దు ముడిసరుకు బాగా ఉండాదే! పాయసం కూడా చేయొచ్చు.”

ఆ పాయసాన్ని ఇంట్లో ఎవరూ ముట్టలేదు. మూడోనాటికి పులిసింది. పులిసినదాన్ని అరటిచెట్టు మొదట్లో పోసి, ‘సేంద్రియ ఎరువు’ అన్న పేరుతో ఫొటో తీశారు. ఆ చెట్టుకు మాత్రం ఆ ఏడు పస్తు లేదు.

సమితి కీర్తి బళ్లారి దాకా పాకింది. మిగులు లేని ఇళ్లను ఎంపిక చేసి సన్మానించడానికి ఒక సంఘం వారు వస్తున్నారని కబురు వచ్చింది. వారికి పెద్ద నెట్టికంటప్పగారు. రిటైరయ్యాక దేశాన్ని మేల్కొల్పే పనిలో ఉన్నారు.

అతిథులకు మిగులు వంటకాలు పెట్టడం మర్యాద కాదు. అందువల్ల హోటలు నుంచి గుండిగెడు పలావు తెప్పించారు. పొదుపు మీద ప్రసంగించడానికి వచ్చినవారు పొదుపుగానే తింటారు కాబట్టి పలావు సగానికి పైగా అలాగే ఉండిపోయింది. కాసేపట్లో వాళ్లు మేడ మీద కునుకు తీసి దిగి వచ్చి, వంటింట్లో మూతలు ఎత్తి చూస్తారు. యశోదకు చెమటలు పట్టాయి.

కొట్రమ్మకు ప్రాణం లేచి వచ్చింది. నెలాఖరు. ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనిపిస్తోంది. మిరపచేను పనికి పోయిన దురుగప్ప ఇంకా తిరిగి రాలేదు.

“అక్కా, నేను గిన్నెలో కొంచెం ఎత్తుకుపోతాను. మా అత్త పొద్దున్నుంచి నీళ్లు తాగే ఉండాది.”

“పిచ్చిదానివా? నువ్వు గిన్నె ఎత్తుకుని వీధిలో పోతాంటే, అధ్యక్షురాలి ఇంట్లో మిగిల్నాదని ఊరంతా చూడదా?”

సమస్యను గురుస్వామి పరిష్కరించాడు. వాకిట్లో ఉన్న టిప్పర్‌లోకి గుండిగను ఎక్కించి, ఖనిజానికి ఉన్న నిబంధన ప్రకారం పైన టార్పాలిన్ కప్పించి, ఊరి బయటి గుంటకు తోలించాడు. చోరనూరు రోడ్డు మీద టిప్పర్లు ఏమేమో మోసుకుపోతుంటాయి. నెయ్యి వాసన వేస్తూ పోయింది మాత్రం అదొక్కటే.

సంఘం కమిటీ మేడ దిగి వచ్చి యశోద వంటింటిని పరిశీలించి, ఒక్క మెతుకు వృథా లేదని ధ్రువీకరించి, శాలువా కప్పింది. అయితే సన్మానం ఒక వర్గానికే దక్కిందన్న మాట రాకుండా ఒక కూలివారి ఇంటిని కూడా చూస్తే బాగుంటుందని నెట్టికంటప్పగారికి తోచింది. యశోద ఉదారంగా కొట్రమ్మ ఇల్లు చూపించింది.

ఆ ఇళ్లలో పొద్దుగూకాక అన్నం కుండను ఉత్తగా ఉంచరు. ఎంత లేకున్నా గుప్పెడు మెతుకులైనా లోపల ఉంచి మూత పెడతారు. ఉత్త కుండ పరాయివాళ్ల కంట పడటం కట్టుకున్న చీర చిరుగు కంట పడటం కన్నా సిగ్గు. కొట్రమ్మ ఇంటికి పరుగెత్తి, కుండ మూత మీద చెయ్యి అడ్డం పెట్టింది.

“వద్దు సార్. లోపల ఏమీ లేదు.”

“అదే చూడాలమ్మా!” అన్నారు నెట్టికంటప్పగారు. చెయ్యి మెల్లగా పక్కకు జరిపి మూత ఎత్తారు. కుండ కడిగిపెట్టినట్టు మెరుస్తోంది. ఆయన మూత చేత్తో పట్టుకునే కమిటీ వైపు తిరిగారు.

“చూడండి! చదువు లేని తల్లి. ఫ్రిజ్ లేదు, వంటల పుస్తకం లేదు. అయినా ఒక్క మెతుకు మిగలనివ్వలేదు. ఎలా సాధించావమ్మా?”

“ఈపొద్దు పొయ్యి కూడా ముట్టీలేదు సార్.”

“భేష్! ఇంధనం కూడా ఆదా! రాసుకోండి, రాసుకోండి.”

చప్పట్లు మోగాయి. ఈసారి కొట్రమ్మ కొట్టలేదు. ఆమె చెయ్యి ఇంకా మూత కోసం వెతుకుతోంది. మిగిలిన పదార్థాలను దాచుకోవడానికి మూత గట్టిగా బిగిసే ప్లాస్టిక్ డబ్బాల సెట్టును ఆమెకు బహూకరించారు. యశోద ఆమె భుజం మీద చెయ్యి వేసి ఫొటో దిగింది. కారు దుమ్ము సద్దుమణిగాక ఉచ్చెంగమ్మ మంచం మీద నుంచి లేచి డబ్బాలను ఒక్కొక్కటే తిప్పి చూసి, “మూతలు బలే బిగుతుగా ఉండాయి. ఆకలి బయటికి పోదులే” అని మళ్లీ పడుకుంది.

ఆ ఫొటో మీ ఫోనుకూ వచ్చే ఉంటుంది. మెరిసే కుండ, పక్కన కొంగు సర్దుకుంటూ ఒక ఆడమనిషి, కింద ‘వీరిని చూసి మనం ఎంతో నేర్చుకోవాలి’ అన్న వాక్యం. మీరు కూడా రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టి, మీకు తెలిసినవాళ్లందరికీ పంపి, అన్నం చల్లారిపోతోందని లోపలి నుంచి కేక వినపడితే భోజనానికి లేచారు.